ముట్టని మునినారాయణప్ప

మరమ్మతు పనిలో మునినారాయణప్ప కష్టపడి సాధించిన మొట్టమొదటి విజయం మా ఇంటి మిక్సీ. దాన్ని బాగుచేసింది నేను.

ఇదెక్కడి లెక్క అని మీరు అడగొచ్చు. నేనూ ఏళ్ళ తరబడి అదే అడుగుతున్నాను. మునినారాయణప్ప నా భార్య సావిత్రమ్మకు తమ్ముడు. బెంగళూరు బళేపేటలో గాజుల అంగడి, మా వీధి చివర ఇల్లు. మా వీధిలో ఫ్యాను ఆగినా, కొళాయి కారినా, కుక్కరు కూత పెట్టకపోయినా అందరూ పిలిచేది అతన్నే. తప్పకుండా వస్తాడు. కాఫీ తాగుతాడు. తరువాత రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరులాగా ఆ వస్తువు ముందర నిలబడతాడు. ఆ చేతులు మళ్ళీ ముందుకొచ్చేది రెండో కాఫీకే.

"నేను ముట్టను బావా. నువ్వే చెయ్యి" అంటాడు.

ఆ మిక్సీ సంగతే చూడండి. ఇడ్లీలు ఉడికిపోయాయి, చట్నీ సగం నలిగి మిక్సీ నిలిచిపోయింది. ఇతను వచ్చి నిలబడ్డాడు.

"ప్లగ్గు తియ్యి బావా."

తీశాను.

"ఇప్పుడు దాన్ని తలకిందులు చేసి అడుగున చూడు."

చేశాను. జారులో ఉన్న కొబ్బరి చట్నీ మొత్తం నా చొక్కా మీదికి, అక్కణ్ణుంచి పంచె మీదికి దిగింది.

"జారు తియ్యమని చెప్పలేదేమిరా?"

"అది గూడా నేనే చెప్పల్లా బావా? అడుగున ఎర్ర బొత్తాం ఉండాది, కనపడిందా?"

కనపడింది. నొక్కాను. మిక్సీ తిరిగింది. సావిత్రమ్మ తమ్ముడి వైపు మురిపెంగా చూసి, "మా మునిగాడు వచ్చినాడంటే ఏదైనా దారికొచ్చేస్తాదప్పా" అంది. తరువాత నా వైపు చూసి, "నువ్వు పోయి స్నానం చెయ్యి" అంది. మరునాటికి వీధి వీధంతా మునినారాయణప్ప మిక్సీ బాగుచేశాడని చెప్పుకుంది. చట్నీలో మునిగినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు.

పోనీ మా ఇంట్లోనే ఇలా అనుకుందామా అంటే, అంగట్లోనూ ఇంతే. బళేపేటలో గాజులమ్మే ప్రతివాడూ ఆడవాళ్ళ చెయ్యి పట్టుకొని, వేళ్ళు దగ్గరికి నొక్కి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కిస్తాడు. అదొక విద్య. ఇతను ఒక పలచటి ప్లాస్టిక్ కవరు చేతికిచ్చి, "ఇది తొడుక్కో తల్లీ. బొటనవేలు లోపలికి ముడువు. ఊఁ, ఇప్పుడు నువ్వే ఎక్కించుకో" అంటాడు. మొదట్లో అంగట్లో అమ్ముడైన గాజులకన్నా పగిలిన గాజులే ఎక్కువ. పక్క అంగళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు. విచిత్రమేమిటంటే బేరం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో నాకు చాలా కాలం అంతుబట్టలేదు.

ఇక నా సంగతి. నేను ఆనేకల్ పక్కన మా ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. ఆ చదువుతోనే మగ్గం గుంతలో దిగాను. ఆ చదువుతోనే నేతగాళ్ళ సంఘానికి మూడుసార్లు అధ్యక్షుణ్ణయ్యాను. విధానసౌధలో మంత్రి గది ముందర పొద్దున్నుంచి సాయంత్రం దాకా బైఠాయించి నూలు కోటా సాధించుకొచ్చాను. మా వీధికి కావేరి నీళ్ళు తెప్పించాను. ఇవి గొప్పకు చెప్పుకునేవి కావు, జరిగినవి. ఈ వయసులో ల్యాప్‌టాప్ కూడా నేర్చుకున్నాను. మా మనవడు యశ్వంత్ కొత్తది కొనుక్కొని పాతది నాకిచ్చాడు.

ఇవ్వడమైతే ఇచ్చాడు. కానీ నాకు ఏ చిన్న సందేహం వచ్చినా, "తాతా, ఇటివ్వు" అని నా ఒళ్ళోంచి గుంజుకుంటాడు. టకటకమని ఏదో కొట్టి, "ఓకే, డన్" అని తిరిగి ఒళ్ళో పడేస్తాడు. ఏం చేశాడో దేవుడికెరుక. నాలుగు రోజులకు మళ్ళీ అదే జబ్బు, మళ్ళీ "తాతా, ఇటివ్వు". మంత్రినే కదిలించిన మనిషిని, చంకలో పిల్లాడి చేతిలోంచి కత్తెర లాక్కున్నట్టు లాక్కుంటే ఎలా ఉంటుంది?

ఇంతలో మా సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. దసరా తరువాత రెండో ఆదివారం ఆనేకల్‌లో ఉత్సవం. సంఘం పాత ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, గోడమీద పెద్దగా చూపిస్తూ సంఘం కథ నేనే చెప్పాలని తయారుచేసుకున్నాను. ఇప్పటి కార్యదర్శి తేజస్ కుర్రవాడు, చురుకైనవాడు. అతను ఫోను చేశాడు.

"తాతా, మీకెందుకు శ్రమ? ఆ ఫోటోలు నాకు పంపించేయండి, మా టీమ్ హ్యాండిల్ చేస్తుంది. మీరు స్టేజీ మీద కూర్చొని దండ వేయించుకుంటే చాలు."

"నేనే నడుపుతాను, నేనే మాట్లాడతాను" అన్నాను.

"సరే తాతా. అయితే శనివారం నేను మీ ఇంటికొస్తా. ఒకసారి మొత్తం నడిపి చూపించండి. కుదరకపోతే మాత్రం మేమే చేసేస్తాం."

అంటే శనివారానికి కుదరకపోతే, నేను కట్టిన సంఘంలో నేనొక దండ వేసిన ఫోటోతో సమానం. కాకపోతే ఊపిరి తీస్తుంటాను, అంతే తేడా.

ఆయుధపూజ రోజు మగ్గానికి, స్కూటరుకు, తలుపు గొళ్ళేనికి బొట్లు పెడుతూ ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చాను. అదీ ఆయుధమే కదా. తెరిచి, తెరమీద సంఘం మొదటి ఫోటో వెలిగించి, దీపం పెట్టాను. బొట్టు ఎక్కడ పెట్టాలి? తెరమీద పెడితే పాడవుతుందని సావిత్రమ్మ అంది. కీల మీద పెడితే కుంకుమ సందుల్లోకి పోతుంది. కీల కింద చదరంగా, నున్నగా, బొట్టు కోసమే ఖాళీగా వదిలినట్టు ఒక పలక ఉంటుంది. దానిమీద వేలు రాస్తేనే తెరమీద బాణం కదులుతుంది. దాన్నే టచ్‌ప్యాడ్ అంటారు. అక్కడ గంధం పూసి, కుంకుమ పెట్టి, పైన చామంతి పూలు చల్లాను. సాయంత్రం పూలు తీసేసి, గుడ్డ పెట్టి అంతా శుభ్రంగా తుడిచాను. తుడిచి చూస్తే బాణం కదలదు. ఎంత రాసినా కదలదు. రుద్దినా కదలదు.

యశ్వంత్ ఆఫీసులో ఉన్నాడు. సావిత్రమ్మ నేరుగా తమ్ముడికి ఫోను చేసింది. వచ్చాడు. కాఫీ తాగాడు. చేతులు వెనక్కి పోయాయి.

"ఏమైంది బావా?"

"బాణం చచ్చింది."

"బాణం చచ్చిందా, ఏలు చచ్చిందా? వేరే ఏలు పెట్టి చూడు."

పది వేళ్ళూ పెట్టించాడు. చేతులు కడిగించాడు. ఆరబెట్టించాడు. గంధం పెచ్చు ఏమైనా మిగిలిందేమోనని మెత్తటి గుడ్డతో, ఊదే గాలితో, చివరికి సావిత్రమ్మ పాత పట్టుచీర కొంగుతో తుడిపించాడు. బాణం తెర మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడే ఉంది.

"ఆపి మళ్ళీ పెట్టు బావా."

"ఆపడానికి బాణం కావాలి కదరా!"

"పక్కన బొత్తాం ఉండాది. దాన్ని నొక్కిపట్టుకో. ఆరిపొయ్యే దాకా వదలొద్దు."

అలా ఆపొచ్చని నాకు తెలియదు. ఆపాను, మళ్ళీ పెట్టాను. బాణం అక్కడే ఉంది.

"ఒరే మునినారాయణా, నేను విధానసౌధలో మంత్రినే కదిలించిన..."

"అదంతా సరే బావా, ఇప్పుడు ఏలు యాడ పెట్టినావు?"

మరునాడు ఒక మౌసు తెచ్చాడు. తెచ్చి టేబుల్ మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. దాని వైరు ఎక్కడ గుచ్చాలో వెతకడానికి నేను ల్యాప్‌టాప్ చుట్టూ ప్రదక్షిణం చేశాను. గుచ్చితే బాణం పరిగెత్తింది! నాకు ప్రాణం లేచివచ్చింది.

"అయిపోయింది పో. ఉత్సవంలో ఇదే పెట్టుకుంటాను" అన్నాను.

మునినారాయణప్ప మౌసు తీసి జేబులో వేసుకున్నాడు. దాన్ని మాత్రం ముట్టాడు, గమనించండి!

"బాణం బాగానే ఉండాదని తెలిసింది గదా. జబ్బు పలకలోనే ఉండాది. ఇంగ మౌసెందుకు?"

"ఒరే, వైద్యుడివా, యముడివా?"

"కాఫీ ఉండాదా అక్కా?" అని వంటింట్లోకి పోయాడు.

ఆ మరుసటి రోజు మేమిద్దరం దానిమీద వంగి ఉండగా యశ్వంత్ ఆఫీసు నుంచి వచ్చాడు. బ్యాగు కూడా దించకుండానే చెయ్యి చాచాడు. "టచ్‌ప్యాడ్ ఇష్యూనా? తాతా, ఇటివ్వు. టూ సెకండ్స్."

ఇవ్వబోయాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో సంతోషంగానే ఇవ్వబోయాను. మునినారాయణప్ప మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనకే ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చి మా మనవణ్ణి రెండడుగులు వెనక్కి నెట్టింది.

"యశ్వంతూ, నీకోసరం మీ అవ్వ బోండాలు చేసి పెట్టుండాది. చల్లారిపోతాయి, పో నాయనా."

వాడు పోయాడు. బోండా అంటే వాడికి మా వంశ ప్రతిష్ఠ కన్నా ఎక్కువ.

"వాడైతే ఒక్క నిమిషంలో చేసుండేవాడు కదరా!" అని అరిచాను.

"చేసుంటాడు" అన్నాడు మునినారాయణప్ప, ఏమీ ఎరగనట్టు. "ఆ కిటికీ బొమ్మ కీ ఉండాదే, అది నొక్కు."

ఇలా బాణం లేకుండానే ఊరంతా తిప్పాడు నన్ను. కిటికీ బొమ్మ కీ నొక్కితే పట్టిక వస్తుంది. బాణం గుర్తులున్న కీలతో కిందికి పైకి పోవచ్చు. ట్యాబ్ కీ కొడితే ఒక గడినుంచి ఇంకో గడికి దూకవచ్చు. దారి తప్పి ఒకసారి తెరంతా నల్లగా చేశాను, ఇంకోసారి అక్షరాలన్నీ కొండంత చేశాను. ఏదో కీ నొక్కితే ల్యాప్‌టాప్‌లోంచి ఒక ఆడగొంతు తెరమీదున్న ప్రతి మాటా ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. దాని నోరు మూయించేసరికి సావిత్రమ్మ "ఎవరామె?" అని వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. వీధిలో ఎవరైనా మా గుమ్మం ముందు నిలబడి వింటే మేము మనిషిని చంపుతున్నామనుకునేవాళ్ళు.

"యాడ పోయినావు బావా?"

"నాకు తెలిస్తే కదరా!"

"పోయిన దారినే వెనక్కి రా. ట్యాబ్ కొట్టు."

శుక్రవారానికి సెట్టింగులలోపల టచ్‌ప్యాడ్ అనే గడి దొరికింది. దాని పక్కన 'ఆఫ్' అని ఉంది.

నేను నిటారుగా కూర్చున్నాను. "ఆఫా? ఎవరు చేశారు ఆఫ్?"

"అదే గదా, ఎవరు చేసినారు బావా?"

"నేనీ గడి మొగమే ఎరగను. నేను చేసిందల్లా బొట్టు తుడవడమే."

"యాడ తుడిచినావు?"

"పలక మీద. తరువాత కీల మీద కూడా. పైవరుసలో కుంకుమ పడింటే గుడ్డతో గట్టిగా..."

ఆగిపోయాను. పైవరుస కీల వంక చూశాను. ఒక్కో కీ మీద ఒక్కో చిన్న బొమ్మ. ఒకదానిమీద సూర్యుడు, ఒకదానిమీద బూర. ఇంకోదానిమీద చదరంగా చిన్న పలక, దానికి అడ్డంగా గీత.

"మునినారాయణా, ఇదేదో మన పలక మాదిరే ఉంది. గీత కొట్టారు దానిమీద."

"అవునా? నాకు కండ్లజోడు లేకుండా కనపడదు బావా."

నొక్కాను. పలక మీద వేలు పెట్టాను. బాణం జరిగింది. కుడికి, ఎడమకు, తెరమీదున్న సంఘం మొదటి ఫోటోలో మా నాన్న తలపాగా చుట్టూ తిప్పాను. మళ్ళీ నొక్కాను, నిలిచిపోయింది. మళ్ళీ నొక్కాను, కదిలింది. సావిత్రమ్మను పిలిచి చూపించాను. సావిత్రమ్మ చూసి, "మా మునిగాడు వచ్చినాడంటే..." అని మొదలుపెట్టింది. కాదనడానికి నాకు ఓపిక లేదు.

శనివారం తేజస్ వచ్చాడు. మొత్తం నడిపి చూపించాను. "సూపర్ తాతా" అన్నాడు, కొంచెం అనుమానంగానే.

ఆదివారం ఆనేకల్‌లో హాలు నిండింది. వేదిక మీద పూజ. దీపం పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తేజస్ ఏర్పాటు చేసిన కార్యకర్తల్లో సహన అని ఒక పిల్ల, ఎంతో భక్తిగా, నా ల్యాప్‌టాప్‌కు కూడా కుంకుమ పెట్టి పూలు చల్లింది. నేను మైకు దగ్గరికి వెళ్ళేలోపల కీల మీద పడిన పూరేకులన్నీ చేతి రుమాలుతో చకచకా తుడిచేసింది.

మైకు ముందు నిలబడి పలక మీద వేలు పెట్టాను. బాణం కదలలేదు.

గోడమీద నిలువెత్తు తెర. దానిమీద మేకు కొట్టినట్టు బాణం. హాలంతా చూస్తోంది. ముందు వరుసలో ఎవరో దగ్గారు. వెనక ఎవరో నవ్వారు. తేజస్ రెండంగల్లో వేదిక ఎక్కేశాడు. చెయ్యి చాచాడు. "తాతా, ఇటివ్వండి. మీరు కూర్చోండి."

ఆ మాట విన్నానో లేదో, నా తలలో తెలిసిందంతా ఎగిరిపోయింది. నా చేతులు వాటంతట అవే ల్యాప్‌టాప్ మీదినుంచి లేచాయి.

అప్పుడు ముందు వరుసలోంచి మునినారాయణప్ప లేచాడు. మెట్లెక్కాడు. అమ్మయ్య, ఇవాళైనా చెయ్యి పెడతాడు అనుకున్నాను. నా పక్కకు రాలేదు. నేరుగా వెళ్ళి తేజస్ ముందు నిలబడ్డాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకొని.

"ముట్టొద్దప్పా. మా బావ చూసుకుంటాడు."

"అంకుల్, ప్రోగ్రామ్ లేట్ అవుతుంది..."

"కానీలే. యాభై ఏండ్లు ఆగినారు, ఇంకో గడియ ఆగలేరా?"

నేను ఆ చేతుల వంక చూశాను. వెనక్కి కట్టుకున్న ఆ రెండు చేతులు నావైపే ఉన్నాయి. ఏళ్ళ తరబడి నాకు ముందునుంచి మాత్రమే తెలిసిన ఆ భంగిమను వెనకనుంచి చూడటం అదే మొదటిసారి. ఒక చెయ్యి ఇంకో చేతి మణికట్టును గట్టిగా, తెల్లబడేంత గట్టిగా పట్టుకొని ఉంది. ముందుకు ఉరకబోయేవాణ్ణి ఎవరో పట్టి ఆపినట్టు.

పైవరుస చూశాను. సూర్యుడు, బూర, పలక. నొక్కాను. గోడమీద బాణం కదిలింది. హాలులో మా పాత నేతగాళ్ళు చప్పట్లు కొట్టారు. బాణం కదిలినందుకు ఒక సభ చప్పట్లు కొట్టడం మా సంఘ చరిత్రలో అదే మొదటిసారి. మంత్రి గది నుంచి నూలు కోటా తెచ్చిన రోజున కూడా అంత గట్టిగా కొట్టలేదు. ఆ తరువాత ముప్పావుగంట మాట్లాడాను. తేజస్ రెండుసార్లు చీటీ పంపాడు. చదవలేదు.

భోజనాల దగ్గర సావిత్రమ్మ చల్లగా ఒక మాట బయటపెట్టింది. "మునిగాడికి మొదటిరోజే తెలుసు, ఆ కీ సంగతి. నాకు చెప్పినాడు. నీకు చెప్పొద్దన్నాడు."

చేతిలో ఒబ్బట్టు ఆగిపోయింది. "ఒరే! నిజమేనా?"

"బళేపేటలో ఆయుధపూజ అయినంక సగం అంగళ్ళలో ఇదే జబ్బు బావా" అన్నాడు మునినారాయణప్ప, పప్పు కలుపుకుంటూ. "అందరూ బొట్టు పెట్టేది ఆడనే, అందరూ తుడిచేది అట్లనే. ఏటేటా చూస్తా ఉండాను."

"మరి నన్నెందుకురా పిండి పిండి చేశావు?"

"ఆ పొద్దు నేనే నొక్కింటే, ఈ పొద్దు నువ్వు నొక్కుతుంటివా?"

నేను చేతిలో ఒబ్బట్టు విస్తట్లో పెట్టేశాను.

"అయినా బావా," అన్నాడు నావైపు చూడకుండా, "ఆ యశ్వంతు నీ ఒళ్ళోంచి గుంజుకుంటాడే, అప్పుడు నీ మొగం చూసినా. నాకు బాగుండలే. నోరు తెరిచి అడిగేస్తావనుకున్నా, 'నాకు నేర్పించరా' అని. అడగవు గదా నువ్వు. మంత్రిని అడిగినోడివి."

సావిత్రమ్మ అతని విస్తట్లో ఇంకో ఒబ్బట్టు వేసింది. నేను నా విస్తట్లోది కూడా అతనికే వేశాను. అంతకు మించి మా వంశంలో ఎవరూ కృతజ్ఞత చెప్పుకోలేదు.

ఆ రోజు తిరిగి వస్తుండగా బస్సులో గాజుల అంగడి సంగతి అర్థమైంది నాకు. చెయ్యి పట్టించుకోవడానికి బిడియపడే ఆడవాళ్ళు, బండబారిన చేతులు చూపించుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు, ఒకరి ముందు చెయ్యి చాపలేనివాళ్ళు బళేపేటంతా దాటి ఆ అంగడికే ఎందుకొస్తారో. పగిలిన గాజులు పోయినా బేరం ఎందుకు పోలేదో.

దీపావళి అయ్యాక మునినారాయణప్ప కదిరిలో ఉన్న కూతురు పల్లవి ఇంటికి పోయాడు, ఆమె కుట్టుమిషను బాగుచెయ్యడానికి. అంటే పల్లవి బాగుచేస్తుందన్నమాట. మొన్న ఆమె ఫోను చేసి ఒకటే మొర. "మామా, మా నాయన వచ్చినప్పటినుంచి చేతులు వెనక్కి కట్టుకోని నిలబడుకోనుండాడు. మిషను మొత్తం నాచేతనే ఊడదీయించినాడు. నూనంతా నా చీర మీదనే. ఎప్పుడు పిలిపించుకుంటారు మీరు?"

"నువ్వు నేర్చుకునేదాకా అక్కణ్ణుంచి కదలడమ్మా" అన్నాను.

అతను లేడని వీధిలో జబ్బులు ఆగుతాయా? నిన్న పొద్దున పక్కింటి దొడ్డమ్మ మిక్సీ ఎత్తుకొని వచ్చింది. "తిరగడం లేదప్పా. నువ్వు ల్యాప్‌టాప్‌నే బాగుచేసినోడివంట గదా, దీన్ని చూడు."

ఎర్ర బొత్తాం. నాకు తెలుసు. చెయ్యి ముందుకు పోయింది కూడా. సగం దూరంలో ఆగింది. ఎలా వెళ్ళాయో తెలియదు, రెండు చేతులూ వెనక్కి వెళ్ళాయి. ఒకటి ఇంకోదాన్ని గట్టిగా పట్టుకుంది. అంత కష్టమైన పని నేను మూడుసార్ల అధ్యక్ష పదవిలో ఎప్పుడూ చెయ్యలేదు.

"నేను ముట్టను దొడ్డమ్మా. నువ్వే చెయ్యి. ముందు జారు తియ్యి" అన్నాను. జారు సంగతి ముందే చెప్పాను, గమనించండి. ఆ ఒక్క విషయంలో నేను అతనికన్నా మెరుగు.

దొడ్డమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అయ్యో రామా, ఆ గాజులాయన గాలి నీకూ తగిలిందే! ఆయప్పే మేలు. ఎప్పుడొస్తాడంట?"

"నవంబరు ముప్పై, ఆదివారం" అన్నాను, వెనక్కి కట్టుకున్న చేతులు విప్పకుండానే.